మా అప్ప కొడుకు మైనరు, కేసులో 19 ఏళ్ళని రాసేరు. ఏం చెయ్యాలి?

గుణుపురం మోటార్ వైండింగ్

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే మన్నించండి. గుణుపురంలో చిన్న మోటారు వైండింగ్ షాపు నాది. విషయం నా మేనల్లుడిది, మా పెద్దప్ప కొడుకు.

అప్పది రాయగడ జిల్లాలోనే ఒక పల్లె. బావ పోయి ఆరేళ్ళయింది. గుంటడు తొమ్మిదో తరగతితో బడి మానేసి, పోయినేడాది నించి ఒక పికప్ వ్యాను మీద క్లీనరుగా పోతున్నాడు. సంతల్లో అల్లం, చింతపండు ఎత్తి ఆంధ్రా వైపు దింపే బండి. రోజుకి మూడొందలు, తిండి డ్రైవరు పెడతాడు. 2025 జూన్ 19 రాత్రి కోరాపుట్ వైపు నించి వస్తుంటే బండి ఆపేరు. అల్లం బస్తాల కింద గంజాయి దొరికింది, తూకం 22 కిలోలు. బండి పూర్తిగా ఆగకుండానే డ్రైవరు తలుపు తీసుకుని చీకట్లో పడి పారిపోయేడు. మావాడు కదల్లేదు. ఎందుకు పోలేదురా అని తర్వాత అడిగితే, "బండి వదిలేసి పోతే ఓనరు నా జీతం ఆపేస్తాడు కదా మావయ్యా" అన్నాడు.

అప్పకి ఫోను లేదు. రాత్రి రెండింటికి నాకు చేసేరు. నేను స్టేషనుకి వెళ్ళేసరికి కాగితాలు రాసేసి ఉన్నాయి, అన్నీ ఒడియాలో. నాకు ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం అంతంతమాత్రం. అంకెలు మాత్రం బాగా వచ్చు, రైతులు తెచ్చే చీటీలన్నీ ఆ అంకెలతోనే ఉంటాయి. వయసు దగ్గర 19 అని కనిపించింది. సారూ, వీడికి అంతుండదు అన్నాను. ఆధార్ చూసే రాసేం అన్నారు. ఆధార్‌లో 01-01-2006 ఉన్న మాట నిజమే. ఊళ్ళో క్యాంపు పెట్టినప్పుడు అప్పకి తేదీ చెప్పడం రాలేదు, అక్కడ కూచున్న కుర్రాడు జనవరి 1 కొట్టేసేడు. మా అప్ప వాళ్ళ వీధిలో సగం మందికి అదే తేదీ ఉంటుంది. ఇంకో మాట అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. చూపించిన చోట సంతకం పెట్టేను. ఆ సంతకం తల్చుకుంటే ఇప్పటికీ అన్నం దిగడం లేదు.

ఇప్పుడు వాడు పెద్దవాళ్ళతో పాటు సబ్‌జైల్లో ఉన్నాడు. ములాఖత్‌కి వెళ్తే జాలీ అవతల నించి పళ్ళు బిగించుకుని నిలబడ్డాడు, ఏడవకూడదని.

వాడు ఏ సంవత్సరం పుట్టేడో గట్టిగా చెప్పలేను. నేను 2008లో షాపు పెట్టేను, ఆ మరుసటేడు తిరుగు రథం అయిన పది రోజులకి వీడు పుట్టేడని నా గుర్తు. ఇంట్లోనే పురుడు, మంత్రసాని పోసింది. బర్త్ సర్టిఫికెట్ లేదు. ఒక లాయరు 60 వేలడిగి, ముందు సగం కట్టమన్నారు. ఎముకల పరీక్ష చేయిస్తే వయసు తేలిపోతుందని ఒకాయన అన్నారు. అది అడగమంటారా? అసలు మొదట ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

రాయగడ ట్రాన్స్‌పోర్ట్

బాబూ, ధైర్యంగా ఉండండి. మా బండి క్లీనరుకి ఇలాగే అయితే మేం నోటరీ దగ్గర వాళ్ళమ్మ చేత అఫిడవిట్ రాయించేం, ఫలానా తేదీన పుట్టేడని. అలాంటిదొకటి చేయించండి. పంచాయితీలో సర్పంచిని పట్టుకుని కొత్తగా బర్త్ సర్టిఫికెట్ కూడా తీయించండి. అదీ కాకపోతే తప్పు ఒప్పేసుకుంటే కేసు తొందరగా తెమిలిపోతుంది. ఏళ్ళ తరబడి వాయిదాలు తిరగలేం కదా.

పర్లాకిమిడి పీఎల్‌వీ

తమ్ముడూ, మిగతాది చదివే ముందు ఒక పని చెయ్యండి. మీ పోస్టు కింద అబ్బాయి ఫోటో పెట్టేరు, ఊరి పేరు రాసేరు. రెండూ తీసెయ్యండి. కేసులో ఉన్న పిల్లల పేరు, ఊరు, బడి, ఫోటో బయటపెట్టకూడదని జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74. దానికి ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా దాకా ఉంది. మీ మీద కేసు పెడతారని చెప్పడం లేదు. రేపు వాడు బయటికొచ్చి ఏ ఫ్యాక్టరీలోనో పని అడిగితే, ఫోనులో పేరు కొట్టగానే ఈ పేజీ రాకూడదని చెప్తున్నాను.

నేను పదకొండేళ్ళ నించి పారా లీగల్ వాలంటీరుని. అంతకుముందు అంగన్‌వాడీలో చేసేదాన్ని. లాయరుని కాను. పిల్లల కేసుల్లో కోర్టుకీ ఇంటికీ బడికీ తిరగడమే నా పని. అందుకే ఈ దారిలో ఎక్కడ గుంటలున్నాయో తెలుసు.

ట్రాన్స్‌పోర్ట్ అన్నగారు మంచి మనసుతోనే చెప్పేరు గానీ ఆ మూడు పనులూ వద్దు. కోర్టు వయసు విచారణ చేసేటప్పుడు ఏ సాక్ష్యమైనా తీసుకోవచ్చు, అఫిడవిట్ మాత్రం కాదని అదే జువైనల్ చట్టం సెక్షన్ 9లోనే రాసి ఉంది. నోటరీకి పోసిన డబ్బు దండగ. అరెస్టయ్యేక పుట్టించిన బర్త్ సర్టిఫికెట్‌ని అవతలివాళ్ళు మొదటి ప్రశ్నకే పడగొడతారు, ఆ దెబ్బకి మీ దగ్గరున్న నిజమైన కాగితాన్ని కూడా అనుమానంగా చూస్తారు. ఇక ఒప్పేసుకోవడమా? 22 కిలోలకి పెద్దవాడిగా ఒప్పుకుంటే కనీసం పదేళ్ళు. ఎవరు చెప్పినా ఆ మాట వాడి చెవిన పడనివ్వకండి.

ఎముకల పరీక్ష మీరుగా అడక్కండి. ఇది మరీ మరీ చెప్తున్నాను. సెక్షన్ 94లో వరస ఉంది. ముందు బడి ఇచ్చే పుట్టిన తేదీ ధ్రువపత్రం గానీ పదో తరగతి సర్టిఫికెట్ గానీ. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయితీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఎక్స్‌రే చూసి డాక్టరు తేదీ చెప్పలేరు, ఇన్నేళ్ళ నించి ఇన్నేళ్ళ మధ్య అంటారు, రెండేళ్ళు అటూ ఇటూ పోతుంది. మీవాడికి ఆ రెండేళ్ళే ప్రాణం.

ఇది నా నెత్తిన పడి నేర్చుకున్నదే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కాశీనగర్ వైపు కుర్రాడొకడు మోటారు సైకిలు దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. ఆసుపత్రిలో పరీక్ష చేస్తే తేలిపోతుందిలే అని నేనే వాళ్ళమ్మకి నచ్చజెప్పేను. రిపోర్టులో 18 నించి 20 అని వచ్చింది. అయిదు నెలలు జైల్లో ఉన్నాడు. తర్వాత వాడు రెండో తరగతి దాకా చదివిన బడికి ఎవరో చెప్తే వెళ్ళేను. రిజిస్టరు ప్రకారం వాడికి పదహారున్నర. బడి మా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. నేను మొదటి వారంలోనే ఆ తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళి ఉంటే వాడికి ఆ అయిదు నెలలు ఉండేవి కావు. జైల్లో పెద్దవాళ్ళ బట్టలుతికి వాడి వేళ్ళ సందులు పాసిపోయేయి. ఆ చేతులు చూసిన రోజు నించి నేను ఏ కేసు వచ్చినా ముందు బడికే వెళ్తాను.

అంచేత మీరు రేపు పొద్దున్నే వెళ్ళాల్సింది వాడు మొట్టమొదట పేరు రాయించుకున్న బడికి. చివర చదివిన బడికి కాదు. చివరి బడి వాళ్ళు ముందు బడి టీసీ చూసి ఎక్కించుకుంటారు, తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి. హెడ్మాస్టరు గారిని రెండు అడగండి: లెటర్‌హెడ్ మీద పుట్టిన తేదీ ధ్రువపత్రం, దానితో పాటు అడ్మిషన్ రిజిస్టరులో ఆ పేజీ నకలు, సంతకం, సీలుతో. టీసీ ఒక్కటే పట్టుకుని రాకండి. తమిళనాడు కేసొకదానిలో 2023లో సుప్రీంకోర్టు, టీసీ ఈ సెక్షన్ అడిగే ధ్రువపత్రం కాదనేసింది. ఆధార్ గురించి భయపడకండి. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో అదే కోర్టు చెప్పింది, ఈ సెక్షన్ 94నే చూపించి.

డబ్బు సంగతి. 60 వేలు ఎవరికీ కట్టొద్దు. పిల్లలకీ, కస్టడీలో ఉన్నవాళ్ళకీ ప్రభుత్వమే లాయరుని పెట్టాలని 1987 నాటి చట్టం ఉంది, ఆదాయం ఎంతని కూడా అడగరు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉంటుంది. తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. ఫోనయితే 15100. జైల్లో కూడా లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, ఈసారి ములాఖత్‌కి వెళ్ళినప్పుడు నాకు ప్యానెల్ లాయరు కావాలని వాణ్ణి అర్జీ రాసివ్వమనండి. అప్ప కూడా వేలిముద్ర వేసి ఒక అర్జీ పెట్టాలి. ఇలాంటి కేసుల్లో తల్లి ఎక్కడా కనపడకపోతే పిల్లాణ్ణి పట్టించుకునేవాళ్ళు లేరనుకుంటారు.

ఇంకో ఉత్తరం జువైనల్ జస్టిస్ బోర్డుకి, అంటే పిల్లల కేసులు విచారించే బోర్డుకి. ఫలానా జైల్లో ఒక పిల్లవాణ్ణి ఉంచేరు అని. పెద్దల జైళ్ళకి వెళ్ళి పిల్లలెవరైనా ఉన్నారా అని చూసి, ఉంటే వెంటనే బయటికి మార్పించడం బోర్డు బాధ్యతల్లోనే ఉంది. ఈ ఉత్తరం సంగతి చాలామంది లాయర్లు మర్చిపోతారు.

మీ సంతకం గురించి. నిద్రలో లేపి, అర్థం కాని భాషలో ఉన్న కాగితం ముందు పెడితే ఎవరైనా పెట్టేస్తారు. దానివల్ల వాడి వయసు మారదు. వయసు మాట కేసు ఏ దశలో ఉన్నా, తీర్పు అయిపోయేక కూడా లేవనెత్తొచ్చు. 1994లో పుణెలో జరిగిన హత్యల కేసులో ఉరిశిక్ష పడిన మనిషికి, రాజస్థాన్‌లో వాడు చదివిన బడి రిజిస్టరు ప్రకారం నేరం నాటికి పన్నెండున్నరేళ్ళే అని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి వదిలేసింది. అప్పటికి 28 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. మీది ఇంకా నెల కూడా కాలేదు తమ్ముడూ. లేచి అన్నం తినండి, తిని బయల్దేరండి.

జయపురం వకీలు

అమ్మ చెప్పినదంతా సరిగ్గా ఉంది. చట్టం వైపు నించి నాలుగు మాటలు కలుపుతాను.

గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్ళు. కనీస శిక్ష ఏడేళ్ళో అంతకు మించో ఉన్న నేరాన్ని జువైనల్ చట్టం ఘోర నేరాల్లో వేసింది. కాబట్టి ఈ కేసులో రెండు గీతలు చూసుకోవాలి. నేరం జరిగిన రోజుకి 18 నిండకపోతే వాడు బోర్డు ముందుకే రావాలి. లెక్క నేరం రోజుకే, కోర్టులో నిలబెట్టిన రోజుకి కాదు. దీన్ని 2005లో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. రెండో గీత 16. పదహారు నిండి పద్దెనిమిది లోపు ఉన్నవాణ్ణి ఘోర నేరంలో బోర్డు ముందుగా పరీక్షిస్తుంది: చేసే శక్తి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో జరిగింది అని. దాన్ని బట్టి పెద్దవాడిలా విచారించమని చిల్డ్రన్స్ కోర్టుకి పంపొచ్చు. పదహారు నిండకపోతే ఆ దారే మూసుకుపోతుంది. నేరం రుజువైనా ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు స్పెషల్ హోం, అంతకు తక్కువగా మందలించి పంపడం, ప్రొబేషన్ కూడా ఉన్నాయి. అందుకే సంవత్సరం ఒక్కటీ తెలిస్తే చాలదు, నెలా తేదీ కూడా కావాలి.

ప్యానెల్ లాయరు గారు ఇప్పుడు కేసు ఉన్న ప్రత్యేక కోర్టులోనే సెక్షన్ 9 కింద పిటిషన్ వెయ్యాలి. అందులోనే ఇంకోటి అడగమనండి: వయసు తేలేదాకా వాణ్ణి జైల్లో కాకుండా ప్లేస్ ఆఫ్ సేఫ్టీలో, అంటే జైలు కాని సురక్షితమైన చోట ఉంచమని. అలా ఉంచే వీలు అదే సెక్షన్‌లో ఉంది.

గంజాయి కేసుల్లో బెయిలు రాదని అందరూ భయపెడతారు. పెద్దవాళ్ళకి అది నిజమే, మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) సెక్షన్ 37 అడ్డుపడుతుంది. పిల్లల బెయిలు జువైనల్ చట్టం సెక్షన్ 12 ప్రకారం నడుస్తుంది. మరే చట్టంలో ఏమున్నా సరే అన్న మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆ మాట పట్టుకునే 37 పిల్లలకి వర్తించదని కొన్ని హైకోర్టులు చెప్పేయి. బెయిలు కాదనాలంటే బోర్డు కారణం రాయాలి: బయటికెళ్తే నేరగాళ్ళ చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో. మీరు చూపించాల్సింది ఇక్కడే. వాడు తిరిగి ఆ బండి ఎక్కడు, మావయ్య షాపులో ఉంటాడు, రోజూ కనిపెట్టుకుని ఉంటాను అని మీరు నిలబడి చెప్పాలి. జామీను లేకుండా కూడా వదలొచ్చు. పెట్టిన షరతు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే షరతు సడలించడానికి వాణ్ణి మళ్ళీ బోర్డు ముందుకి తేవాలి.

డ్రైవరు, ఓనరు సంగతి వదలకండి. పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించడమే విడిగా ఒక నేరం, జువైనల్ చట్టం సెక్షన్ 78, ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. అల్లం సరుకని చెప్పి తీసుకెళ్ళేరని వాడు మొదటి రోజు నించీ అంటున్నాడంటే అది రికార్డులోకి ఎక్కాలి.

కురుపాం వైపు మేష్టారు

నేను ఆంధ్రా వైపు ప్రాథమిక పాఠశాలలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యేను. అబ్బాయి చదువు ఏ బడిలో మొదలయిందో మీరు రాయలేదు. మన సరిహద్దు ఊళ్ళ పిల్లలు చాలామంది అమ్మమ్మ గారింట ఒకటీ రెండూ చదివి తర్వాత ఒడిశా బడికి పోతారు. ఒకసారి అప్పని అడిగి చూడండి.

బడి మూతపడిందని చెప్తే వెనక్కి రాకండి. విలీనం చేసిన బడిలోనో, మండల విద్యాశాఖాధికారి ఆఫీసులోనో రిజిస్టర్లు ఉంటాయి. అడ్మిషన్ రిజిస్టరు పారెయ్యకూడని పుస్తకం, అది బడికి శాశ్వత రికార్డు. వెళ్ళేటప్పుడు అబ్బాయి పేరు ఒక్కటే చెప్తే దొరకదు, ఆ వయసులో ఇంటి పేరుతో ఒకలా, ముద్దుపేరుతో ఒకలా రాస్తారు. తండ్రి పేరు, తీసుకొచ్చి చేర్పించిన వాళ్ళ పేరు, ఏ జూన్‌లో చేరేడో చెప్పండి. హెడ్మాస్టర్లు కోర్టు అంటే జంకుతారు. మీరు కేసు సంగతి దాచకుండా చెప్పండి, కానీ నలుగురి ముందు కాదు. రిజిస్టరు పట్టుకొచ్చి ఉన్నది ఉన్నట్టు చదివితే సరిపోతుంది, ఇంకేమీ అడగరు అనండి. నేను రెండుసార్లు అలా వెళ్ళి చెప్పేను. అరగంట పని.

గుణుపురం మోటార్ వైండింగ్

అక్కా, వకీలు గారూ, మేష్టారూ, అందరికీ దండాలు. ఫోటో, ఊరి పేరు రెండూ తీసేసేను. పది రోజులయింది రాసి, తిరుగుడులో కుదర్లేదు.

మేష్టారు చెప్పిందే నిజమయింది. అప్పని అడిగితే, బావ అప్పట్లో కేరళ పనికి పోయేడని, గుంటణ్ణి మా అమ్మ దగ్గర కురుపాం అవతల పల్లెలో మూడో తరగతి దాకా ఉంచేనని చెప్పింది. నేనప్పుడు షాపు గొడవలో పడి పట్టించుకోలేదు. నేనూ అప్పా మర్నాడే వెళ్ళేం. ఇప్పుడున్న హెడ్మాస్టరమ్మ గారు చిన్నావిడ, అక్కడికి వచ్చి రెండేళ్ళే అయిందిట. ఇనప ట్రంకు పెట్టె తీయించేరు. రిజిస్టర్లు గుడ్డలో కట్టి ఉన్నాయి, అంచులు చెద తినేసింది. అట్ట మీద విజయనగరం జిల్లా అని ఉంది, ఆవిడ ఇప్పుడు వేసే సీలు మీద పార్వతీపురం మన్యం జిల్లా. ఈ రెండు పేర్లు చూసి కోర్టులో వేరే బడి అంటారేమో అని ఆవిడే ముందుగా గమనించి, 2022లో జిల్లా విడిపోయిందని ధ్రువపత్రంలో ఒక లైను రాసేరు.

2015 జూన్‌లో చేరిన వాళ్ళ పేజీ. పేరు ముద్దుపేరుతోనే ఉంది, తండ్రి పేరు సరిపోయింది. పుట్టిన తేదీ అంకెల్లో 12-07-2009, కింద అక్షరాల్లో కూడా రాసేరు. చివరి గడిలో మా అమ్మ ఎడమ బొటనవేలి ముద్ర, ఊదా రంగు సిరాతో. అమ్మ పోయి నాలుగేళ్ళు. అప్ప ఆ ముద్ర మీద వేలు పెట్టి ఎంతసేపు తీసిందో తెలీదు. హెడ్మాస్టరమ్మ గారు ఏమీ అనకుండా బయటికెళ్ళి పిల్లల చేత మంచినీళ్ళు పంపించేరు.

బస్సులో లెక్క కట్టేను. జూన్ 19కి వాడికి పదిహేనేళ్ళ పదకొండు నెలల ఏడు రోజులు. తప్పేమో అని మూడుసార్లు కట్టేను.

ఇప్పుడు కొత్త చిక్కు. ఒడిశా బడికి కూడా వెళ్ళేను, నాలుగు నించి తొమ్మిది దాకా చదివింది. అక్కడ రిజిస్టరులో 12-07-2008 అని ఉంది. తేదీ నెలా అవే, సంవత్సరం మారిపోయింది. టీసీ తెలుగులో ఉంటే చూసి ఎక్కించినప్పుడు తొమ్మిది ఎనిమిదయిందేమో. ఒక తెలిసినాయన, ఒడిశా కాగితం చూపించకు, ఆంధ్రా కాగితం ఒక్కటే ఇవ్వు అంటున్నాడు. ప్యానెల్ లాయరమ్మ గారిని ఇచ్చేరు, రేపు కలుస్తాను. ఆవిడకి ఇది చెప్పాలా?

పర్లాకిమిడి పీఎల్‌వీ

చెప్పాలి తమ్ముడూ, రేపు మొదటి మాటగా అదే చెప్పండి. ఒడిశా బడి రికార్డు పోలీసులు తెప్పించుకోవడం ఎంతసేపు? మీరు దాచింది వాళ్ళు బయటపెడితే మీ అమ్మ వేలిముద్ర ఉన్న పేజీని కూడా నమ్మరు. మీరే రెండూ ముందు పెట్టి, ఇది తొలి బడి, ఇది దీన్ని చూసి రాసుకున్నది, తేదీ నెల కలుస్తున్నాయి, సంవత్సరం దగ్గర నకలు తప్పు జరిగింది అని చెప్తే జడ్జి గారికి దారి కనపడుతుంది. తొలి బడి ఇచ్చిన టీసీ ఒడిశా బడి ఫైల్లో ఉండాలి. దాని మీద ఏముందో చూడమనండి. అందులో 2009 ఉంటే చిక్కు అక్కడికక్కడే విడిపోతుంది.

ఒకటి గుర్తు పెట్టుకోండి. 2008 అనుకున్నా వాడికి పదహారేళ్ళ పదకొండు నెలలే. ఏ కాగితం పట్టుకున్నా వాడు పిల్లాడే, ఏ కాగితం పట్టుకున్నా ఆ జైల్లో ఉండకూడదు. ముందు జైలు నించి తియ్యడం, తర్వాత పదహారు సంగతి. ఈ రెండూ కలిపేసి కంగారు పడకండి.

మీరు ములాఖత్‌కి వెళ్ళినప్పుడు వాడితో తెలుగులోనే నెమ్మదిగా చెప్పండి, జడ్జి గారు వయసెంత అని అడిగితే తెలిసింది చెప్పమని, తెలియకపోతే తెలీదు, అమ్మకి తెలుసు, బడిలో ఉంది అనమని. 15 అని చిలకలా నేర్పకండి. నేర్పిన పిల్లలు ఎదురు ప్రశ్న వెయ్యగానే తడబడతారు, నా కళ్ళారా చూసేను. ఒడియాలో అడిగింది అర్థం కాకపోతే తెలుగులో అడగమని చెప్పొచ్చని కూడా చెప్పండి. అలా అడగొచ్చని మన పిల్లలకి తెలీదు, అన్నిటికీ తలూపేస్తారు.

జయపురం వకీలు

అమ్మతో ఏకీభవిస్తున్నాను, దాచొద్దు. వయసు మీద రెండు అభిప్రాయాలకి చోటున్నప్పుడు, మరీ సాంకేతికంగా పోకుండా పిల్లవాడి వైపు మొగ్గాలని సుప్రీంకోర్టు 2000 నించీ చెప్తూనే ఉంది. మీ దగ్గరున్నది అంతకన్నా బలమైన కాగితం. హెడ్మాస్టరమ్మ గారికి కోర్టు నించి సమన్లు ఇప్పించమని లాయరమ్మ గారికి చెప్పండి, ఒరిజినల్ రిజిస్టరుతో రమ్మని. సమన్లు ఉంటే ఆవిడకి డ్యూటీ కింద వెళ్తుంది, సెలవు పెట్టుకోనక్కర్లేదు. పారిపోయిన డ్రైవరు దొరికినా ఈ అబ్బాయిని అతనితో కలిపి ఒకే విచారణలో పెట్టడానికి లేదు, సెక్షన్ 23. అది కూడా ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి.

కేసు ఒడిశాలో, చిన్నప్పటి బడి ఆంధ్రాలో కాబట్టి ఎక్కడి బోర్డు అని ఎవరైనా గందరగోళం చేస్తే వినకండి. నేరం జరిగిందన్న చోటి బోర్డే విచారిస్తుంది.

గుణుపురం మోటార్ వైండింగ్

లాయరమ్మ గారిని కలిసేను. రెండు రిజిస్టర్ల నకళ్ళూ టేబులు మీద పెట్టేను. మొత్తం చదివి, మంచి పని చేసేరండీ అన్నారు. సెక్షన్ 9 పిటిషన్ వేసేరు, ప్లేస్ ఆఫ్ సేఫ్టీ అడిగేరు, బోర్డుకి ఉత్తరం నా చేత తెలుగులో రాయించి ఆవిడ ఒడియాలోకి మార్చి రెండూ పంపేరు. ఒడిశా బడి ఫైల్లో పాత టీసీ దొరికింది అక్కా. 2009 అనే ఉంది. తొమ్మిది తోక దగ్గర మడత పడి సిరా చెదిరింది, చూసినవాడు ఎనిమిది అనుకోవడం విడ్డూరం కాదు.

నిన్న ములాఖత్ దొరికింది. మీరు చెప్పినట్టే చెప్పేను. తెలుగులో అడగమని అనొచ్చా మావయ్యా, కోప్పడరా అని రెండుసార్లు అడిగేడు. అనొచ్చురా అన్నాను. అమ్మమ్మ వేలిముద్ర సంగతి చెప్పేను. బడిలో చేర్పించిన రోజు తనకి జీళ్ళు కొనిపెట్టిందిట, అది చెప్పుకొచ్చేడు. వెళ్ళొస్తానంటే ఈసారి పళ్ళు బిగించలేదు, ఏడ్చేడు.

హియరింగ్ సోమవారం. హెడ్మాస్టరమ్మ గారికి సమన్లు అందేయి, రిజిస్టరు కొత్త గుడ్డలో కట్టుకుని వస్తానన్నారు. ఆవిణ్ణి తీసుకురావడానికి నేనూ అప్పా ఆదివారం సాయంత్రమే వెళ్తున్నాం, పొద్దున్న అయిదున్నరకి అక్కడ మొదటి బస్సు. అక్కా, రిజిస్టరు వానకి తడవకుండా ప్లాస్టిక్ సంచి నా దగ్గరుంది. ఇంకా ఏమైనా పట్టుకెళ్ళాలా?

పర్లాకిమిడి పీఎల్‌వీ

అప్ప ఓటరు కార్డు, మీ ఆధార్, మీ షాపు లైసెన్సు కాగితం ఉంటే అది, వాడికి ఒక జత బట్టలు, పొడి టిఫిను. ఆ రోజే జైలు నించి మార్చమని ఆర్డరయితే వాడు వేసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. చెప్పులు కూడా. జైల్లో వాడి చెప్పులు ఎవరో తీసుకునే ఉంటారు.